డబ్బా మీద ఒకే పేరు

కుసుమపదర, గంజాం జిల్లా
ఏప్రిల్ 4

మహాప్రసాద్‌కి,

కవరు మీద నీ పేరు ఎప్పటిలాగే మా ఆయన చేత రాయించాను. "పదకొండేళ్ళప్పుడు పూరీ గుడి మెట్ల మీద ఒకరి నోట్లో ఒకరు నాలుగు ప్రసాదం మెతుకులు పెట్టుకుని మహాప్రసాద్ నేస్తాలయ్యారని జన్మంతా పేరెత్తకూడదా? నిశామణి అని నాలుగక్షరాలు రాస్తే నీ చెయ్యి పడిపోతుందా?" అని సతాయించాడు. "పడిపోతుంది, రాయి" అన్నాను.

ముందు మంచి కబురు. రెండు నెలల మందు పూర్తయింది. మొన్న కఫం పరీక్ష చేసి పురుగు లేదన్నారు. జనవరిలో ముప్పై ఆరు కిలోలున్నదాన్ని ఇప్పుడు నలభైకి వచ్చాను. మళ్ళీ పొయ్యి మీద ఇసుక కాచి మరమరాలు వేయిస్తున్నాను. మా ఆయన సైకిలు మీద పెట్టుకుని నాలుగూళ్ళు తిరిగి అమ్ముకొస్తున్నాడు. టీబీ మనిషి వేయించినవి మాకొద్దన్న వాళ్ళు కూడా ఇప్పుడు కొంటున్నారు.

అయినా ఇంకా నాలుగు నెలలు మాత్రలు తినాలట. జబ్బు పోయాక మందేమిటో నాకు అర్థం కాలేదు. మన అంగన్‌వాడీ ప్రమోదినక్కని అడిగాను, మాత్రలిచ్చేది ఆవిడే. "నీకు పోయింది సైరింధ్రీ, పోయిందని పురుగుకి తెలియాలి కదా" అంది. ఆవిడ మాటలన్నీ ఇంతే. నా పేరు రాసిన డబ్బా ఆవిడ బీరువాలో ఉంటుంది. మొదట్లో రోజు విడిచి రోజు ఆవిడ ఎదుటే ఏడేసి మాత్రలు మింగాను. ఇప్పుడు వారానికోసారి వెళ్తే చాలు. ఒక మోతాదు ఎదురుగా మింగించి, తక్కిన రెండూ ఇంటికిస్తుంది. మళ్ళీ వారం ఖాళీ అట్ట చూపించాలి.

ఇక అసలు సంగతి. ఇక్కడ ఒక పెళ్ళికి వచ్చిన మీ మరిది, "వదిన శివరాత్రి నించి దగ్గుతానే ఉంది" అన్నాడు. నాకు నువ్వు ఒక్క ముక్క రాయలేదు. మహాప్రసాద్ దగ్గర అబద్ధమాడకూడదు గానీ దాచుకోవచ్చనుకున్నావా?

ఇందులో రెండు పొట్లాలున్నాయి. ఒక్కో దాంట్లో ఒక ఎర్ర గొట్టం మాత్ర, రెండు తెల్ల మాత్రలు. ఇంటికి తెచ్చుకున్న దాంట్లో నీ సగం అది. జామకాయ దొరికినా, పెళ్ళిలో లడ్డూ దొరికినా మనకి సగం సగమే కదా. నాకు తగ్గిపోయింది, అన్నీ నేనే తిని ఏం చేసుకోను? పరగడుపున మింగు. ఎవరికీ చెప్పకు.

నీ మహాప్రసాద్


సూరత్
ఏప్రిల్ 23

మహాప్రసాద్‌కి,

ఎర్ర గొట్టం మింగితే ఒంటికి ఎర్రగా వెళ్తుందని ఒక ముక్క ముందుగా రాయొద్దూ? ఆ పూట నా పని అయిపోయిందనుకున్నాను. దొడ్డి తలుపు అవతల ఐదుగురు మగాళ్ళు చెంబులు పట్టుకుని నిలబడి ఉన్నారు, అరవడానికి కూడా లేదు.

అవును, దగ్గు ఉంది. సాయంత్రం జ్వరం కూడా. నీకు రాయలేదు. నీ జబ్బుతో నువ్వు వేగుతుంటే నాదెందుకని.

ఆస్పత్రికి ఎందుకు వెళ్ళలేదని అడుగుతావు. మా మెస్సులో ఇరవై మందీ మన గంజాం వాళ్ళే. పది మంది పగలు మగ్గాల మీదకి వెళ్తారు, పది మంది రాత్రి. ఒకడు లేచిన పరుపు మీద ఇంకొకడు పడుకుంటాడు. అందరికీ రెండు పూటలా వండిపెట్టేది నేను. వండే మనిషికే టీబీ అని మెస్సు యజమాని బనమాలికి తెలిస్తే ఇక చెప్పేదేముంది? పోయినేడు ఒకతనికి దగ్గులో రక్తం పడింది. పొద్దుటికల్లా పెట్టె కట్టించి రైలెక్కించాడు. ఊరు చేరాక ఆ మనిషి మూడు నెలలు బతికాడు. ఆస్పత్రి వాళ్ళు మందు ఊరికే ఇస్తారు గానీ చిరునామా రాసుకుని ఇంటికి వచ్చి చూస్తారు. వాళ్ళు గుమ్మం ఎక్కితే మేము గుమ్మం దిగాలి. మా ఆయనకి కూడా మసాలా ఘాటుకి దగ్గనే చెప్పాను.

నీ పొట్లాలు రెండూ మింగాను. కాస్త నెమ్మదిగానే ఉంది. ఇంక పంపవద్దని రాయాలనే కలం పట్టుకున్నాను. చెయ్యి రాలేదు.

నీ మహాప్రసాద్


కుసుమపదర
మే 14

మహాప్రసాద్‌కి,

నెమ్మదిగా ఉందన్న మాట చదివి నాకు కడుపు నిండింది. ఇదిగో ఇంకో నాలుగు పొట్లాలు. వారానికొకటి చొప్పున దాచాను. ఖాళీ అట్ట పట్టుకెళ్తే ప్రమోదినక్క, "అన్నీ అయ్యాయా?" అంటుంది. "అన్నీ ఖాళీయే కదక్కా" అంటాను. చూడు, అబద్ధం కూడా ఆడలేదు.

ఇక్కడ ఎండలు మండిపోతున్నాయి. ఆకలి చచ్చింది. మధ్యాహ్నం చల్లటి పఖాళ అన్నం, వడియాల పొడి పెట్టుకున్నా నాలుగు ముద్దలు దిగడం లేదు. పొయ్యి పొగకి కాస్త దగ్గొస్తోంది, అంతే. మా అత్త మాత్రం ఊరుకోవడం లేదు. "ఏమే, మళ్ళీ మొదలెట్టావా?" అని చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతోంది. ఆవిడకి నేను తుమ్మినా అనుమానమే.

మనిద్దరం ఒకే మందు తింటున్నామని తలచుకుంటే, నువ్వు అంత దూరంలో ఉన్నట్టే లేదు నాకు.

నీ మహాప్రసాద్


సూరత్
జూన్ 6

మహాప్రసాద్‌కి,

ఇంక పొట్లాలు పంపకు. నీ మాత్ర ఒక్కటి కూడా ఎవరికీ ఇవ్వకు.

గురువారం పొద్దున్న దాల్మా పప్పుకి తాలింపు పెడుతుంటే దగ్గు తెర వచ్చింది. కొంగు తీసి చూస్తే రక్తం. అప్పుడే రాత్రి డ్యూటీ నించి వచ్చిన మా ఆయన చూశాడు. ఇంక మసాలా కబుర్లు పనిచెయ్యలేదు. పొయ్యి ఆర్పి, నన్ను ఆటోలో వేసుకుని ఆస్పత్రికి తీసుకెళ్ళాడు.

అక్కడి డాక్టరమ్మ, "ఇదివరకు టీబీ మందు తిన్నావా?" అంది. లేదన్నాను. "ఒంటికి ఎప్పుడైనా ఎర్రగా వెళ్ళిందా?" అంది. నేను నేల చూశాను. ఈ మహానుభావుడు నన్ను కాపాడదామని, "హోళీ రంగేమోనండీ" అన్నాడు. ఆవిడ నవ్వలేదు. చెప్పక తప్పలేదు, మా మహాప్రసాద్ పంపిందన్నాను. "ఆవిడెవరు, మీ దేవతా?" అంది.

మన సంగతంతా విని కలం కింద పెట్టింది. ఆవిడ అన్నది అన్నట్టే రాస్తున్నాను. "అన్నం సగం సగం తింటే ఇద్దరికీ సగం ఆకలైనా తీరుతుంది. ఈ మందు అలాంటిది కాదమ్మా. సగం మందుకి పురుగు చావదు, మందుకి అలవాటు పడుతుంది. నీకు సగం పెట్టిన మనిషి ఇప్పుడెలా ఉంది?"

ఇంటికొచ్చి నీ పోయిన ఉత్తరం మళ్ళీ చదివాను. పొయ్యి పొగ అన్నావు. పన్నెండేళ్ళుగా మరమరాలు వేయిస్తున్నావు, పొగకి నువ్వెప్పుడు దగ్గావు?

నాకు డబ్బా ఇచ్చారు, నా పేరుతో. ఆరు నెలలు. ఈ ఉత్తరం అందిన రోజే వెళ్ళి కఫం పరీక్ష చేయించుకో. నా మీద ఒట్టు.

నీ మహాప్రసాద్


కుసుమపదర
జూన్ 21

మహాప్రసాద్‌కి,

పురుగు మళ్ళీ వచ్చింది. అసలు పోనే లేదేమో.

దగ్గు ఏప్రిల్ ఆఖరునే మొదలైంది. పోయిన ఉత్తరం రాసేనాటికి రాత్రిళ్ళు దుప్పటి తడిసిపోయేలా చెమటలు పట్టేవి. పొగ అని నీకు రాసినప్పుడు నన్ను నేనే నమ్మించుకున్నాను.

ప్రమోదినక్క ఎదుట పొట్లాల సంగతి చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. బీరువాలోంచి నా డబ్బా తీసి ఒళ్ళో పెట్టింది. "చదువు, దీని మీద ఎవరి పేరుంది?" అంది. చదివాను. "రెండో పేరేదన్నా ఉందా?" లేదన్నాను. "మరి ఎవరినడిగి పంచావు?" అంది. నాకూ పౌరుషం వచ్చింది. "మహాప్రసాద్‌కి పెట్టకుండా తింటే నాకు నరకమే అక్కా. అది నీకు తెలీదు" అన్నాను.

అప్పుడు తిట్టింది చూడు. "నాకు తెలీదా? మొన్న స్నాన పూర్ణిమకి అన్ని కుండల నీళ్ళు పోయించుకుని జగన్నాథుడికి జ్వరమొచ్చింది. ఇప్పుడు గుడి తలుపులేసుకుని పడుకున్నాడు. పదిహేను రోజులు కషాయం. ఒక్క పూట మానడు. జ్వరం తగ్గినట్టుందని ఎనిమిదో రోజున లేచి రథమెక్కడు. పక్కనే అన్న, పక్కనే చెల్లి, ముగ్గురికీ జ్వరమే. ఆయన కషాయంలో సగం తీసి సుభద్రకి పెడతాడా? ఎవరి గిన్నె వాళ్ళదే. యాభై ఆరు రకాల ప్రసాదం లోకానికంతా పంచే దేవుడు మందు మాత్రం పంచడే. ఆయన కంటే గొప్పదానివా నువ్వు?"

ఇద్దరం ఏడ్చాము.

ఇప్పుడు వేరే రకం డబ్బా. ఎనిమిది నెలలు. మొదటి రెండు నెలలూ మాత్రలతో పాటు ఇరవై నాలుగు సూదులు, రోజు విడిచి రోజు, ఆరు మైళ్ళ అవతల ఆస్పత్రిలో. మూడు వేయించుకున్నాను. పొడిచిన చోట కూర్చోలేను. లేచి నిలబడితే ఇల్లు తిరుగుతుంది, తిన్నదంతా బయటికొస్తుంది. మరమరాలు అడిగేవాళ్ళు లేరు. అత్త నా కంచం దొడ్లో కడిగిస్తోంది. మా ఆయన ఒక్కడే ఏమీ అనడు, సైకిలు తుడుచుకుని నిలబడతాడు. నిజం చెప్తున్నాను, ఇరవై నాలుగూ నా వల్ల కాదు. నీకైనా తగ్గితే చాలు. నా సంగతి నేను వదిలేస్తున్నాను.

నీ మహాప్రసాద్


సూరత్
జూలై 4

మహాప్రసాద్‌కి,

వదిలేస్తావా? సరే, వదిలెయ్. అయితే నా మాట కూడా విను. మనకి ఏదైనా సగం సగమే అన్నది నువ్వే. ఇకనించి నువ్వు సూది మానిన రోజు నేను మాత్ర మానతాను. నువ్వు ఒకటి మానితే నేను ఒకటి, నువ్వు పది మానితే నేను పది. నువ్వు చస్తే తోడబుట్టినదానిలా నాకు పదిరోజుల మైల ఎలాగూ ఉంది, దాంతోపాటు నీ వెనకే నేనూ వస్తాను. డాక్టరమ్మకి తెలిస్తే నన్ను తంతుంది. తెలియనివ్వను. పూరీ గుడి మెట్ల మీద తిన్న మెతుకు సాక్షి, ఇది బెదిరింపు కాదు.

ఇప్పుడు కాస్త చల్లబడి రాస్తున్నాను. బనమాలికి నేనే చెప్పేశాను. ఎవరో చెప్పి పెట్టె కట్టించేదాకా ఎందుకని. అనుకున్నట్టే, "రేపటి రైలుకి బయల్దేరండి" అన్నాడు. అప్పుడు మూల పరుపు మీదనించి భీమసేన్ మామ లేచాడు. మెస్సులో అందరికంటే పాత మనిషి. "ఆ పిల్లతో పాటు నా పెట్టె కూడా కట్టించు. నేనూ మూడు నెలల్నించి దగ్గుతున్నాను" అన్నాడు. ఇంకొకడు లేచాడు. నేనూ అన్నాడు. లెక్క చూస్తే ఏడుగురు. ఇరవై మంది ఒక గదిలో పడుకుని, ఒకరికి తెలియకుండా ఒకరు దిండులో మొహం పెట్టుకుని దగ్గుతున్నారన్నమాట ఇన్నాళ్ళూ. ఏడుగురినీ పంపేస్తే మెస్సు ఎవరితో నడుపుతాడు? నోరు మూసుకున్నాడు.

ఏడుగురినీ ఆస్పత్రికి తీసుకెళ్ళాను. ముగ్గురికి ఉంది. సోమ, బుధ, శుక్రవారాలు నలుగురం కలిసి వెళ్తున్నాం. మందు బాగా పట్టిందని డాక్టరమ్మ చెప్పేదాకా నేను వండకూడదు. మా ఆయన, అదే మీ బావ, వండుతున్నాడు. ఆ పప్పు తిన్నవాళ్ళు నేను త్వరగా కోలుకోవాలని మొక్కుకుంటున్నారు.

వెళ్ళి సూది వేయించుకో.

నీ మహాప్రసాద్


కుసుమపదర
ఆగస్టు 20

మహాప్రసాద్‌కి,

నీ ఉత్తరం చదివి ఒళ్ళు మండిపోయింది. ఇంత కసాయి మనిషివని తెలిస్తే ఆ మెతుకులు కాకులకి వేసేదాన్ని. తిట్టుకుంటూనే సైకిలెక్కాను. అప్పటినించి ప్రతి సూదికీ నిన్ను తిడుతూనే ఉన్నాను. కాంపౌండరు, "ఎవరినమ్మా ఆ తిట్లు?" అంటాడు.

పదిహేడో సూది రోజు సంగతి చెప్పాలి. మూడు రోజుల ముసురుకి ఊరి బయట గెడ్డ పొంగింది. మా ఆయన ఒడ్డున సైకిలు ఆపి, "ఇవాళ్టికి వదిలేద్దాం. రేపు నీరు తీస్తుందిలే" అన్నాడు. అత్త కూడా ఆ మాటే అంది. నాకూ మంచం మీద పడుకోవాలనే ఉంది. కానీ నువ్వు అక్కడ మాత్ర చేతిలో పట్టుకుని కూర్చున్నట్టు కనిపించింది. "వంతెన మీదుగా పోదాం" అన్నాను. వంతెన ఎక్కడుందో నీకు తెలుసు, పదకొండు మైళ్ళు. సగం దూరం బురదలో సైకిలు మమ్మల్ని మోయలేదు, మేమే దాన్ని మోశాం. మేం చేరేసరికి కాంపౌండరు తాళం వేస్తున్నాడు. "ఒక్కరోజుకి ఏమైపోతుంది, రేపు రామ్మా" అన్నాడు. "ఏమైపోతుందో నాకు తెలుసు. తాళం తియ్యి" అన్నాను. నా వాలకం చూసి తీశాడు.

ఒళ్ళంతా బురద, ఎక్కడ పొడవాలో వెతుక్కున్నాడు పాపం. తిరిగి వస్తుంటే మా ఆయన సైకిలు తొక్కుతూ పాట అందుకున్నాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన పాడగా వినలేదు. వినకపోయినా పోయేదేమీ లేదు.

మొన్న పద్దెనిమిదో తారీఖుతో ఇరవై నాలుగూ అయిపోయాయి. నీ ఉత్తరం వచ్చాక ఒక్కటి కూడా మానలేదు. నువ్వు మానలేదు కదా?

నీ మహాప్రసాద్


సూరత్
డిసెంబర్ 11

మహాప్రసాద్‌కి,

మానలేదు. అయిపోయింది. నిన్న ఆఖరి పరీక్ష కాగితం ఇచ్చారు. పురుగు లేదు, నయమైంది అని రాసి ఉంది. డాక్టరమ్మ నాకు చూపించి చదివింది, మీ బావకి చదివింది, మీ బావ మెస్సుకొచ్చి ఇరవై మందికీ చదివాడు.

భీమసేన్ మామకి ఇంకో నెలలో మందు అయిపోతుంది. తక్కిన ఇద్దరికీ కూడా. మధ్యలో ఒకడు తాగుడు మొదలుపెట్టి రెండు వారాలు ఎగ్గొట్టాడు. వాడు డ్యూటీ దిగే వేళకి ముగ్గురం మిల్లు గేటు దగ్గర నిలబడ్డాం. పరువు పోతుందని మళ్ళీ వచ్చాడు. ఇప్పుడు మా సందులో ఎవరు దగ్గినా నా దగ్గరికి పంపుతున్నారు. బనమాలి కూడా మొన్న నెమ్మదిగా వచ్చి, "నాకూ కాస్త దగ్గుగా ఉంది, ఏం చెయ్యమంటావ్?" అని అడిగాడు. "ముందు పెట్టె కట్టుకో" అన్నాను. మొహం పాలిపోయింది. తర్వాత వెంటబెట్టుకుని తీసుకెళ్ళానులే. ఉత్త పడిశం.

ఒక్కటే నా బాధ. నీకింకా రెండు నెలల మందుంది. నాకు మానడానికి మాత్రలు లేవు, నిన్ను బెదిరించడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు. ఇకనించి నువ్వు తింటే నీ కోసమే తినాలి. తింటావు కదా?

నీ మహాప్రసాద్


కుసుమపదర
ఫిబ్రవరి 24

మహాప్రసాద్‌కి,

మొన్న కఫం ఇచ్చి వచ్చాం, ఇవాళ కాగితం వచ్చింది. పురుగు లేదు. ఈసారి నిజంగా లేదు. నలభై ఆరు కిలోలు.

నీ డిసెంబర్ ఉత్తరం వచ్చాక రెండు వారాలు కష్టపడ్డాను. నిన్ను తిట్టుకుంటూ మింగడం అలవాటైపోయింది. తిట్టడానికి కారణం పోయేసరికి మాత్ర గొంతు దిగేది కాదు. ఒక రోజు అట్ట చేతిలో పెట్టుకుని చాలాసేపు గుమ్మంలో కూర్చున్నాను. ఇది మానితే ఎవరికీ ఏమీ కాదు, నాకు తప్ప అనుకున్నాను. నాకు అవుతుంది కదా, అది చాలదా అని కూడా అప్పుడే అనిపించింది. ఇంత వయసొచ్చాక మొదటిసారి అనిపించింది. నీళ్ళు తెచ్చుకుని మింగాను. ఆ తర్వాత ఎవరూ గుర్తు చెయ్యలేదు, ఎవరూ బెదిరించలేదు.

ఆఖరి మోతాదు రోజున ప్రమోదినక్క అంగన్‌వాడీ పిల్లలందరినీ వరసగా కూర్చోబెట్టింది. "చూడండర్రా, ఈ అత్త ఎలా మింగుతుందో" అంది. మా ఆయన వచ్చాడు. అత్త కూడా వచ్చింది, పిలవకుండానే. నేను గుటక వెయ్యగానే పిల్లలు చప్పట్లు కొట్టారు. వాళ్ళకేం అర్థమయిందో గానీ, ఆవిడ ఆపమన్నా ఆపలేదు.

నీకొక సంగతి చెప్పాలి, అందుకే ఈ ఉత్తరం ఎవరినీ చూడనివ్వకుండా రాస్తున్నాను. ఊహ తెలిసినప్పటినించి ఏది నోట్లో పెట్టుకున్నా అందులో సగం నీదని అనుకునేదాన్ని. ఈ ఎనిమిది నెలల డబ్బా మొదటి మాత్ర నించి ఆఖరి మాత్ర దాకా నేనొక్కదాన్నే తినేశాను. నీకు చిటికెడు కూడా మిగల్చలేదు. నాకేమీ సిగ్గుగా లేదు.

నీ మహాప్రసాద్